గొరాజ్దెకి పుంతదారి, బ్రుచ్కోకి వాయిదా: డేటన్‌లో ఆ 21 రోజులు

వాటాలు తేలినా దారి తేలకపోతే పొలం పంపకం తెగదు. 1995 నవంబర్ 17 రాత్రి అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ ఊరి పక్కనున్న రైట్-ప్యాటర్సన్ వైమానిక స్థావరంలో బోస్నియా యుద్ధాన్ని ఆపే చర్చల్లో జరిగింది అలాంటి దారి పంచాయితీయే. ఒకవైపు సెర్బియా అధ్యక్షుడు స్లొబొదాన్ మిలోషెవిచ్. ఇంకోవైపు అమెరికా తరఫున రిచర్డ్ హోల్‌బ్రూక్, ఆయన పక్కన జనరల్ వెస్లీ క్లార్క్. బేరం గొరాజ్దె గురించి.

గొరాజ్దె తూర్పు బోస్నియాలో ద్రీనా నది ఒడ్డున ఉన్న పట్నం. ఊళ్లో బోస్నియాక్‌లు, అంటే బోస్నియా ముస్లింలు. చుట్టూ సెర్బు సైన్యం. అలా చిక్కుకుపోయిన ఊళ్లు తూర్పున ఇంకో రెండు ఉండేవి, స్రెబ్రెనిత్సా, జెపా. ఆ జులైలోనే రెండూ పడిపోయాయి. స్రెబ్రెనిత్సాలో సుమారు 8,000 మంది మగవాళ్లనీ, మగపిల్లల్నీ చంపేశారు. కాబట్టి మిగిలిన ఒక్క గొరాజ్దెకి రాజధాని సరాయెవో నుంచి సొంత దారి ఉండి తీరాలని బోస్నియా పట్టు. మూడు కిలోమీటర్ల వెడల్పున్న పట్టీ ఇస్తాను, రోడ్డుకి అది చాలదా అని మిలోషెవిచ్.

అప్పుడు అమెరికన్లు బయటికి తీసింది మ్యాపు కాదు, పవర్‌సీన్ అనే కంప్యూటర్. పైలట్ల శిక్షణ కోసం తయారైన సాధనం అది. ఉపగ్రహ చిత్రాల మీద కొండల ఎత్తులు పేర్చి, జాయ్‌స్టిక్ తిప్పుతుంటే ఆ నేల మీద ఎగురుతున్నట్టే చూపిస్తుంది. క్లార్క్ దాన్ని మిలోషెవిచ్ కళ్ల ముందు ఆ దారి వెంబడి నడిపించాడు. కాగితం మీద విశాలంగా కనిపించిన పట్టీ తెర మీద లోతైన లోయ. రెండు పక్కలా శిఖరాలు. ఆ శిఖరం మీద తుపాకీ ఉన్నవాడిదే కింద రోడ్డు. విస్కీ గ్లాసుల మధ్య బేరం సాగి సాగి పట్టీ ఎనిమిది కిలోమీటర్ల వెడల్పుకి చేరింది. అమెరికన్లు ఆ దారికి సరదాగా స్కాచ్ రోడ్డు అని పేరు పెట్టుకున్నారు.

అగ్రరాజ్యం వేరే దేశపు అంతర్యుద్ధంలో వేలు పెట్టి తీర్పు చెప్పడం అనగానే మనకి విమానవాహక నౌకలు, ఐక్యరాజ్యసమితి ప్రసంగాలు గుర్తొస్తాయి. డేటన్ ఒప్పందం చదివితే కనిపించేది గట్టు లెక్క, దారి హక్కు, ఎవరు సంతకం పెట్టాలి, గ్యాసు ఎప్పుడు వదలాలి. ఇలాంటి వివరాల్లోనే అది గెలిచింది, ఇలాంటి వివరాల్లోనే ఓడింది. నాకు అందులో అన్నిటికంటే వింతగా తోచేది ఒకటుంది. అక్కడ పూర్తిగా తేల్చేశాం అనుకున్న రాజ్యాంగం ఈనాటికీ చిక్కుముడే. ఎంతకీ తేలక వాయిదా వేసిన బ్రుచ్కో పట్నం మాత్రం మిగతా బోస్నియా కంటే మెరుగ్గా కుదురుకుంది. ఎందుకలా అయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1991 జనగణన ప్రకారం బోస్నియా జనం దాదాపు 44 లక్షలు. ముస్లింలు 44 శాతం దాకా, సెర్బులు 31, క్రొయేట్లు 17. యుగొస్లావియా ముక్కలవుతుంటే 1992 ఏప్రిల్‌లో ఇక్కడ యుద్ధం మొదలైంది. మూడున్నరేళ్లలో సుమారు లక్ష మంది చనిపోయారు, 20 లక్షల పైచిలుకు జనం ఇల్లు వదిలారు. ఆ మూడున్నరేళ్లూ శాంతి పథకాలకి కొరతేం లేదు. 1992లో యూరప్ వాళ్లు తెచ్చిన కుతిలేరో పథకం. 1993లో దేశాన్ని పది ప్రావిన్సులు చేసే వాన్స్-ఓవెన్ పథకం. అదే ఏడాది మూడు ముక్కల యూనియన్ చేద్దామన్న ఓవెన్-స్టోల్టెన్‌బర్గ్ పథకం. 1994 జులైలో అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ కలిసి 51:49 అన్నాయి. అంటే బోస్నియాక్-క్రొయేట్ ఫెడరేషన్‌కి 51 శాతం నేల, సెర్బులకి 49.

అన్నీ ఎందుకు మూలపడ్డాయి? పథకాల్లో తెలివి తక్కువై కాదు. అప్పటికి సెర్బు సైన్యం చేతిలో దేశంలో 70 శాతం నేల ఉంది. చేతిలో 70 ఉన్నవాడిని 49 తీసుకోమంటే ఎందుకు తీసుకుంటాడు? గట్టిగా అడిగేవాళ్లు కూడా లేరు. అక్కడున్న ఐక్యరాజ్యసమితి సేన సంగతి చూడండి. దాని మొదటి కమాండర్ మన సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ సతీష్ నంబియార్, 1992 మార్చి నుంచి ఏడాది పాటు. ఆ సేన పని శాంతిని కాపాడటం. కాపాడటానికి అక్కడ శాంతి ఎక్కడుంది? తేలిక ఆయుధాలతో తెల్లబండ్లలో తిరిగే ఆ సైనికుల్ని 1995 మేలో, నాటో దాడి చెయ్యగానే, సెర్బు సైన్యం వందల సంఖ్యలో బందీలుగా పట్టుకుంది. కొందరిని ఆయుధ గిడ్డంగుల దగ్గర గొలుసులతో కట్టేసి టీవీలో చూపించింది.

1995 వేసవిలో తక్కెడ మారింది. ఆగస్టు మొదట్లో క్రొయేషియా సైన్యం తన దేశంలోని సెర్బు ప్రాంతం క్రాయినాని నాలుగు రోజుల్లో పట్టేసింది. లక్షన్నరకి పైగా సెర్బులు ట్రాక్టర్ల మీద పారిపోయారు. ఆ ఊపులో క్రొయేట్, బోస్నియాక్ బలగాలు పశ్చిమ బోస్నియాలో ముందుకి నడిచాయి. ఆగస్టు 28న సరాయెవో మార్కలె బజారులో మోర్టార్ గుండు పడి 43 మంది చనిపోయారు. 30 నుంచి నాటో బాంబులు మొదలయ్యాయి. రెండు వారాల్లో 3,515 విమాన యాత్రలు, 1,026 బాంబులు. "బాంబులేశారు, సెర్బులు దిగొచ్చారు" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లున్నారు. అది సగం నిజం. బాంబులు పడ్డది ఎక్కువగా కమాండ్ కేంద్రాల మీద, ఆయుధ గిడ్డంగుల మీద, వంతెనల మీద. నేల చేతులు మారింది మాత్రం కాలిబంట్ల వల్ల. సెప్టెంబర్ చివరికల్లా సెర్బుల వాటా 70 నుంచి సగానికి దిగింది, అంటే ఏడాది కింద కాగితం మీద రాసిన 49కి దగ్గరగా. అందుకే పంచాయితీకి వేళయింది. బోస్నియా సెర్బుల పెద్ద నగరం బాన్యా లూకా మీదకి వెళ్లొద్దని అమెరికన్లు క్రొయేషియా అధ్యక్షుడు ఫ్రాన్యో తుజ్‌మన్‌ని ఆపిందీ ఇందుకే. ఆ నగరం పడితే ఇంకో రెండు లక్షల మంది రోడ్డెక్కేవాళ్లు, 51:49 లెక్క మళ్లీ తలకిందులయ్యేది. గెలుస్తున్న పక్షాన్ని ఎక్కడ నిలపాలో తెలియడం ఈ పనిలో పెద్ద ఒడుపు.

ఆయుధాల కంటే తక్కువగా మాట్లాడుకునే పని ఇంకోటి ఉంది. ఒక్కో పక్షానికి ఒక్కో చిరునామా తయారు చెయ్యడం. యుద్ధంలో ఉన్నవి నిజానికి మూడు సైన్యాలు, వెనక ఇంకో రెండు దేశాలు. 1993లో బోస్నియాక్‌లూ క్రొయేట్లూ కూడా ఒకళ్లనొకళ్లు చంపుకున్నారు. 1994 మార్చి 18న వాషింగ్టన్‌లో వాళ్లిద్దరితో ఫెడరేషన్ ఒప్పందం మీద సంతకాలు పెట్టించడంతో మూడు పక్షాలు రెండయ్యాయి. సెర్బుల వైపు చిక్కు వేరు. బోస్నియా సెర్బుల నాయకులు రాదొవాన్ కరాజిచ్, రత్కో మ్లాదిచ్ మీద 1995 జులైలోనే హేగ్ న్యాయస్థానం యుద్ధనేరాల అభియోగాలు పెట్టింది. వాళ్లు అమెరికాలో కాలు పెడితే అరెస్టే. వాళ్లని వదిలేసి మిలోషెవిచ్‌తో మాట్లాడదామంటే, ఆయన ఒప్పుకున్నదానికి వాళ్లు కట్టుబడతారా? 1993లో ఆయన వాన్స్-ఓవెన్ పథకాన్ని ఒప్పుకోమని నచ్చజెప్పినా బోస్నియా సెర్బుల సభ తోసిపుచ్చింది.

ఈ చిక్కు 1995 ఆగస్టు 30న, బాంబులు పడుతున్న రోజునే, బెల్‌గ్రేడ్‌లో విడింది. మిలోషెవిచ్ హోల్‌బ్రూక్ చేతిలో ఒక కాగితం పెట్టాడు. సెర్బుల తరఫున ఆరుగురి బృందం చర్చలకి వెళ్తుంది, సభ్యులు సమంగా చీలితే మిలోషెవిచ్ మాటే చెల్లుతుంది. కింద బోస్నియా సెర్బు నాయకుల సంతకాలు, సాక్షిగా సెర్బియా ఆర్థడాక్స్ చర్చి పెద్ద పాత్రియార్క్ పావ్లె సంతకం. మాట తప్పితే దేవుడి ముందు తప్పినట్టే. పాత్రియార్క్ కాగితం అని దానికి పేరు నిలిచిపోయింది. నన్నడిగితే డేటన్ ఒప్పందానికి అసలు పునాది ఆ కాగితం.

మిలోషెవిచ్‌కి ఇందులో ఏం ఒరుగుతుంది? 1992 మే నుంచి సెర్బియా మీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి. 1994 జనవరిలో అక్కడ ధరల పెరుగుదల ఆ ఒక్క నెలకే 31.3 కోట్ల శాతం. పొద్దున తీసుకున్న జీతం సాయంత్రానికి చిత్తుకాగితం. ఆంక్షలు తీసేస్తాం అన్నమాట ఆయనకి బాంబుల కంటే బలంగా వినిపించింది. అందుకే అమెరికన్లు ఆ ఎరని ముందే వెయ్యలేదు. చర్చలకి రావడానికే సడలింపు ఇవ్వమని ఆయన ఎంత అడిగినా, సంతకం పడ్డాకే అన్నారు. సస్పెన్షన్ వచ్చింది ఒప్పందం కుదిరిన మర్నాడు, నవంబర్ 22న. పూర్తి రద్దు 1996 అక్టోబర్‌లో, బోస్నియాలో ఎన్నికలు అయ్యాకనే. ఎర ముందే మింగించేస్తే చేప గట్టెక్కదు.

హోల్‌బ్రూక్ బృందం అన్నీ ఒకేసారి అడగలేదు. సెప్టెంబర్ 8న జెనీవాలో మూడు దేశాల విదేశాంగ మంత్రులతో ఒప్పించింది పేజీన్నర లోపే: బోస్నియా ఒకే దేశం, లోపల రెండు భాగాలు, 51:49. సెప్టెంబర్ 26న న్యూయార్క్‌లో ఇంకాస్త: అధ్యక్ష మండలి, పార్లమెంటు, రాజ్యాంగ న్యాయస్థానం. కాల్పుల విరమణని మాత్రం కావాలనే ఆలస్యం చేశారు. తుపాకులు ముందే ఆగితే ఎవరికీ తొందర ఉండదు కదా. చివరికి అక్టోబర్ 5న ప్రకటించినప్పుడు కూడా ఒక షరతు పెట్టారు, సరాయెవోకి గ్యాసూ కరెంటూ వచ్చాకే అమలు అని. 10న మొదలవ్వాల్సింది, లైన్లు బాగుపడక 12కి జరిగింది.

ఇంత చేసినా ప్రాణాలు పోయాయి. ఆగస్టు 19న సరాయెవో వెళ్తున్న అమెరికా బృందంలో ముగ్గురు, రాబర్ట్ ఫ్రేజర్, జోసెఫ్ క్రూజెల్, నెల్సన్ డ్రూ, ఇగ్మాన్ కొండ మీద వాళ్లెక్కిన కవచవాహనం మట్టిరోడ్డు అంచు విరిగి లోయలో పడి చనిపోయారు. ఆ రోడ్డున ఎందుకు వెళ్లాల్సొచ్చిందంటే, విమానానికి సెర్బులు భద్రత హామీ ఇవ్వలేదు.

ఇక స్థలం. స్విట్జర్లాండ్ సరస్సుల పక్కన హోటల్ కాకుండా ఒక సైనిక స్థావరం ఎందుకు? చుట్టూ కంచె ఉంటుంది, విలేకరులు లోపలికి రారు, వాషింగ్టన్ నుంచి మంత్రి విమానంలో గంటన్నరలో వాలిపోవచ్చు. పైగా కిటికీలోంచి చూస్తే అమెరికా వైమానిక బలం వరసగా నిలబడి కనిపిస్తుంది. అతిథి అధికారుల కోసం కట్టిన సాదా రెండంతస్తుల ఇళ్లు ఐదు ఉన్నాయి. వాటిలో నాలుగు ఒకే పార్కింగ్ స్థలం చుట్టూ. ఒకటి అమెరికాకి, మిగతా మూడూ బోస్నియా, క్రొయేషియా, సెర్బియాలకి. యూరప్ వాళ్లకి ఐదోది. అన్నీ ఒకేలా ఉండటంతో ఎవరి గది పెద్దదన్న గొడవ రాలేదు. ఇలాంటి చోట అదీ ఒక సమస్యేనా అనుకోకండి, అంతర్జాతీయ చర్చల్లో బల్ల ఆకారం మీద వారాలు పోయిన సందర్భాలున్నాయి. ముగ్గురు అధ్యక్షులూ ఎదురెదురుగా కూర్చున్నది తక్కువ. మధ్యవర్తి కాగితం పట్టుకుని పార్కింగ్ దాటి ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి తిరగడమే పద్ధతి. ప్రెస్‌తో మాట్లాడేది ఒక్క అమెరికా ప్రతినిధే. ఈ నియమం చాలావరకు నిలబడింది. మీడియా ముందు ఒకసారి "ఇంచు కూడా వదలను" అనేసినవాడు లోపల ఇంచు కూడా వదల్లేడు.

పంచాయితీ పెట్టిన ఇంట్లోనూ సమస్యలున్నాయి. చర్చలు మొదలయ్యే రెండు రోజుల ముందు, అక్టోబర్ 30న, అమెరికా ప్రతినిధుల సభ 315–103 ఓట్లతో ఒక తీర్మానం చేసింది, తమని అడక్కుండా బోస్నియాకి సైన్యాన్ని పంపొద్దని. హోల్‌బ్రూక్ జేబులో ఉన్న పెద్ద హామీయే ఆ 20,000 మంది సైనికులు. ఎదుటివాళ్లు పేపర్లు చదవరా?

నవంబర్ 1న మొదలు. తేలికైనవి ముందు: 10న ఫెడరేషన్ బలోపేతం, 12న సెర్బుల చేతిలో ఉన్న తూర్పు స్లవోనియాని క్రొయేషియాకి తిరిగి ఇచ్చే ఒప్పందం. రెండోది బోస్నియాకి సంబంధించిందే కాదు. కానీ తుజ్‌మన్ డేటన్‌కి వచ్చిందే దానికోసం. అది దొరికాకే ఆయన మిగతా విషయాల్లో మెత్తబడ్డాడు. మ్యాపు మాత్రం రెండో వారం గడిచినా కదల్లేదు. గొరాజ్దె దారి తర్వాతి రోజు, నవంబర్ 18న, మిలోషెవిచ్ ఎవరూ ఊహించనిది చేశాడు. సరాయెవోని మొత్తంగా వదులుకున్నాడు, సెర్బులు పట్టుకున్న శివార్లతో సహా. అంత ముట్టడిలో కూడా ఊరు వదలని బోస్నియా అధ్యక్షుడు అలియా ఇజెత్‌బేగొవిచ్‌కే అది చెందాలి అన్నది ఆయన మాట. కరాజిచ్ మనుషుల్ని రాజధానికి దూరంగా ఉంచడం ఆయనకీ లాభమే అన్నది నా అనుమానం.

ఇన్ని ఇచ్చాక కంప్యూటర్ విస్తీర్ణం లెక్కగట్టింది. ఫెడరేషన్‌కి 55, సెర్బులకి 45. మిలోషెవిచ్ మండిపడ్డాడు. ఆయన తన వాళ్లకి చూపించగలిగింది ఒక్క 49 అంకెనే, అదీ పోతే సంతకం ఎలా? బోస్నియా విస్తీర్ణం 51,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. నాలుగు శాతమంటే రెండు వేల చదరపు కిలోమీటర్ల నేల ఎక్కణ్నుంచో తేవాలి. నవంబర్ 20 తెల్లవారుజామున బోస్నియా ప్రధాని హారిస్ సిలాయ్‌జిచ్, మిలోషెవిచ్ మ్యాపు మీద వంగి దారి కనిపెట్టారు. పశ్చిమాన కొండల్లో, జనం పల్చగా ఉండే నేల. అంకె సరిపోయింది. నాలుగింటికి చేతులు కలిపారు. అప్పుడు క్రొయేషియా విదేశాంగ మంత్రి మాతె గ్రానిచ్‌ని నిద్రలేపి తీసుకొచ్చారు. ఆయన మ్యాపు చూశాడు. ఇస్తున్న నేలంతా క్రొయేట్ సైనికులు గెలిచిందే! మా అధ్యక్షుడు ఒప్పుకునే అవకాశం సున్నా అని బల్ల గుద్దాడు. ఇజెత్‌బేగొవిచ్ కూడా నాకూ నచ్చలేదన్నాడు. 37 నిమిషాల శాంతి అని అక్కడున్నవాళ్లే దానికి పేరు పెట్టారు. ఇద్దరు కూర్చుని మూడోవాడి చేను పంచుకుంటే ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత క్లింటన్ ఫోన్ చేశాక, కావాల్సిన నేలలో మూడొంతులు నేనిస్తాను, మిగతా వంతు బోస్నియాక్‌లివ్వాలి అని తుజ్‌మన్ దిగొచ్చాడు. మ్‌ర్కోనిచ్ గ్రాద్, షిపొవో ఊళ్ల చుట్టూ ఉన్న నేల అలా సెర్బులకి వెళ్లింది. మ్యాపులో కమ్మరి దాగలిలా కనిపిస్తుందని అమెరికా సైనికులు దాన్ని యాన్విల్ అనేవాళ్లు. అంతా అయిందనుకుంటే ఇజెత్‌బేగొవిచ్ బ్రుచ్కో ఎత్తాడు.

బ్రుచ్కో ఉత్తరాన సావా నది ఒడ్డున ఉంది. సెర్బుల నేల తూర్పు ముక్కకీ పడమటి ముక్కకీ మధ్య ఉన్నది ఇక్కడి ఇరుకు పట్టీ ఒక్కటే, సన్నగా ఉన్న చోట ఐదు కిలోమీటర్లు. సెర్బులకి అది గొంతు. కానీ యుద్ధానికి ముందు అక్కడ బోస్నియాక్‌లే ఎక్కువ, 1992లో వాళ్లని చంపి, తరిమి తీసుకున్న ఊరది. ఇవ్వడానికి వీల్లేదు, వదలడానికి వీల్లేదు. 20 రాత్రి అమెరికన్లు చర్చలు విఫలమయ్యాయన్న ప్రకటన కూడా రాసి పెట్టుకున్నారు. 21 ఉదయం మిలోషెవిచ్ మంచు పడుతున్న పార్కింగ్‌లో నిలబడి ఎదురుచూసి, ఇజెత్‌బేగొవిచ్ లేకుండా నేనూ తుజ్‌మనూ సంతకం పెడతాం అన్నాడు. అది కుదరదన్నాక, సరే, బ్రుచ్కోని ఏడాదిలోగా మధ్యవర్తుల తీర్పుకి వదిలేద్దాం అన్నాడు. ఇజెత్‌బేగొవిచ్ ఇది న్యాయమైన శాంతి కాదంటూనే, తన జనానికి శాంతి కావాలని ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నమే పొడి సంతకాలు. అసలు సంతకాలు డిసెంబర్ 14న పారిస్‌లో. డేటన్‌లో ఉన్న బోస్నియా సెర్బులకి మ్యాపు చూపించింది సంతకాలకి నిమిషాల ముందు. వాళ్ల చేత ఒప్పించే పని పాత్రియార్క్ కాగితం ఉన్న మిలోషెవిచ్‌ది. రెండు రోజుల్లో ఒప్పించాడు.

ఇక అమలు. 11 అనుబంధాల్లో బాగా నడిచింది మొదటిదే, సైనిక భాగం. ఎందుకు నడిచిందో చదివితేనే తెలుస్తుంది. తేదీలు లెక్కపెట్టి రాశారు. నాటో సేన బాధ్యత తీసుకున్న రోజు, 1995 డిసెంబర్ 20, సున్నా రోజు. 30వ రోజుకల్లా కాల్పుల విరమణ రేఖకి ఇటు రెండు, అటు రెండు కిలోమీటర్లు ఖాళీ. 45వ రోజుకి చేతులు మారే నేల నుంచి పాత సైన్యం బయటికి. 90వ రోజు దాకా కొత్త సైన్యం అందులో అడుగుపెట్టకూడదు. 120వ రోజుకి భారీ ఆయుధాలన్నీ చెప్పిన శిబిరాల్లోకి. ఈ భాగానికి అర్థం చెప్పే చివరి అధికారం నాటో కమాండర్‌దే అన్న ఒక్క వాక్యం ఉంది. వాదన పెట్టుకునే సందే లేదు. వెనక 60,000 మంది సైనికులు. ఇబ్బంది పెట్టింది ప్రకృతే, సావా నదికి వరదొచ్చి అమెరికా ఇంజనీర్ల తేలే వంతెన ఆలస్యమై డిసెంబర్ 31న గానీ ట్యాంకులు దాటలేదు.

రెండు భాగాల మధ్య హద్దు రేఖ పొడవు వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. దాన్ని 1:50,000 స్కేలు మ్యాపు మీద గీసి, 50 మీటర్ల వరకు కచ్చితం అని రాసుకున్నారు. నది వెంబడి ఉన్న చోట నది సహజంగా జరిగితే రేఖా జరుగుతుంది, మనుషులు మళ్లిస్తే జరగదు. గోదావరి లంకల్లో భూమి ఉన్నవాళ్లకి ఈ నియమం విలువ చెప్పక్కర్లేదు. కానీ ఊళ్లో 50 మీటర్లంటే ఒక అపార్టుమెంటు. సరాయెవో శివారు దొబ్రిన్యాలో రేఖ సరిగ్గా అపార్టుమెంట్ల మధ్యలోంచే పోయింది. అది తేలడానికి 2001లో ఇంకో మధ్యవర్తి రావాల్సొచ్చింది.

తప్పింది పౌర భాగం. సైన్యానికి రోజులు లెక్కగట్టినవాళ్లు, జనానికి గట్టలేదు. సరాయెవో శివార్లు 1996 ఫిబ్రవరి 23 నుంచి మార్చి 19 లోపు ఒక్కొక్కటిగా ఫెడరేషన్‌కి వచ్చాయి. ఈలోగా బోస్నియా సెర్బుల కేంద్రమైన పాలె నుంచి నాయకులు సెర్బు జనాన్ని బయల్దేరమని ఒత్తిడి చేశారు. రాననివాళ్ల ఇళ్లకి అల్లరిమూకలు నిప్పుపెట్టాయి. కొందరు తాతల ఎముకలు కూడా తవ్వుకుని పట్టుకెళ్లారు. నాటో సైన్యం అది మా పని కాదని చూస్తూ నిలబడింది. పోలీసు పర్యవేక్షణకి ఐక్యరాజ్యసమితి పంపినవాళ్ల దగ్గర ఆయుధాల్లేవు. యాన్విల్ ఊళ్లలో ఇదే తిరగేసి జరిగింది, వెళ్లిపోతూ క్రొయేట్ సైనికులు ఇళ్లు దోచి తగలబెట్టారు. ఇల్లు వదలాల్సినవాడికి ఆఖరి తేదీ ఇచ్చి, కాపలా పెట్టకపోతే జరిగేది ఇదే. పౌర వ్యవహారాల పెద్దగా నియమించిన హై రిప్రజెంటేటివ్‌కి సైన్యం మీద ఏ అధికారమూ లేదు. 1997 డిసెంబర్‌లో బాన్‌లో సమావేశమై, చట్టాలు తనే చెయ్యడానికి, అడ్డుపడే అధికారుల్ని తీసెయ్యడానికి అధికారం ఇచ్చాకే ఆ పదవికి ప్రాణమొచ్చింది.

ఆ అధికారంతో చేసిన పనుల్లో నాకు నచ్చేది కారు నంబరు పలక. ఒప్పందం ప్రకారం ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు. కానీ పలక చూస్తే బండి ఎటువైపుదో తెలిసిపోతుంది, రాళ్లు పడతాయి. 1998లో దేశమంతటికీ ఒకే పలక తెచ్చారు. లాటిన్ లిపిలోనూ సిరిలిక్ లిపిలోనూ ఒకేలా ఉండే అక్షరాలే అందులో వాడారు, ఊరి పేరు లేదు. బండి ఎక్కడిదో ఎవరికీ తెలియదు. ఏ ప్రసంగం చెయ్యలేని పని ఆ రేకుముక్క చేసింది, జనం రేఖ దాటి చుట్టాల్ని చూడ్డానికి వెళ్లడం మొదలైంది.

రాజ్యాంగం సంగతికొస్తే, అది శాంతి ఒప్పందానికి నాలుగో అనుబంధం. యుద్ధం ఆపడానికి ఆ మూడు వారాల్లో పక్షాలు ఏవి అడిగాయో అవే అందులోకి ఎక్కాయి. అధ్యక్ష మండలిలో ముగ్గురు: ఒక బోస్నియాక్, ఒక క్రొయేట్, ఒక సెర్బు. ఎగువసభలో 15 మంది, జాతికి ఐదుగురు. ఏ జాతి అయినా ఇది మా మూల ప్రయోజనానికి దెబ్బ అని చట్టాన్ని ఆపొచ్చు. కాల్పులు ఆపడానికి ఇది సరిపోయింది. దేశం నడపడానికి సరిపోలేదు. యూదుడైన యాకోబ్ ఫిన్సి, రోమా జాతికి చెందిన దెర్వో సెయ్దిచ్ మేం ఎందుకు పోటీ చెయ్యకూడదని అడిగితే, 2009లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఇది వివక్షే అని తీర్పిచ్చింది. ఆ నిబంధన మార్చాలంటే దానివల్ల బతుకుతున్న పార్టీలే ఓటెయ్యాలి. వెయ్యలేదు.

1999 ఫిబ్రవరిలో అప్పటి సెర్బియా ప్రాంతం కొసొవో కోసం పారిస్ దగ్గర రాంబుయె కోటలో ఇదే వంటకం మళ్లీ వండబోయారు. మూసిన గేట్లు, వేరు వేరు గదులు, ముందే రాసిన చిత్తుప్రతి, అన్నీ ఉన్నాయి. మిలోషెవిచ్ రాలేదు. వచ్చిన సెర్బు బృందానికి సొంతంగా సంతకం పెట్టే సత్తా లేదు. ఈసారి పాత్రియార్క్ కాగితం లాంటిదేమీ లేదు. మార్చి 24న బాంబులు మొదలయ్యాయి.

బ్రుచ్కో మధ్యవర్తిత్వంలో ముగ్గురు. ఫెడరేషన్ తరఫున ఒకరు, సెర్బుల తరఫున ఒకరు, పెద్దగా అమెరికా న్యాయవాది రాబర్ట్స్ ఓవెన్, డేటన్‌లో ఒప్పందం రాసినవాళ్లలో ఒకడు. ఏడాదిలో ఇవ్వాల్సిన తీర్పు 1997లో వాయిదా, 1998లో మళ్లీ వాయిదా. ప్రతి వాయిదాకీ రెండు పక్షాలూ జాగ్రత్తగా ప్రవర్తించాయి, అవతలివాడికి రాసిచ్చేస్తారేమోనన్న భయంతో. ఈలోగా ఊళ్లో ఒక అమెరికా సూపర్‌వైజర్‌ని కూర్చోబెట్టారు, ఆదేశాలిచ్చే అధికారంతో. 1999 మార్చి 5న చివరి తీర్పు: యుద్ధానికి ముందున్న మునిసిపాలిటీ మొత్తం ఇద్దరిదీ, ఏ ఒక్కరిదీ కాదు. లోపల సైన్యం ఉండకూడదు, పోలీసు ఒకటే, కోర్టు ఒకటే. 2000 మార్చిలో బ్రుచ్కో జిల్లా ఏర్పడింది, తర్వాత బళ్లల్లో పిల్లలు కలిసి కూర్చున్నారు. మిగతా దేశంలో చాలాచోట్ల ఒకే కప్పు కింద రెండు బడులు నడుస్తున్న రోజులవి. తీర్పులో ఇంకో మాట రాసి ఉంచారు. ఏ పక్షమైనా గట్టిగా అడ్డుపడితే, జిల్లాని అవతలి పక్షానికే రాసిచ్చే అధికారం మా దగ్గరే ఉంటుందని. 2012లో సూపర్‌వైజర్ పని నిలిపివేశారు. పదవిని మాత్రం రద్దు చెయ్యలేదు.